షట్టరింగ్ విప్పినాక



ఎప్పటిలెక్కనే ఇది కూడా పొడుగు పోస్టు. సెలవు రోజు బట్టలు నానబెట్టి, చాయ్ పెట్టుకొని నిమ్మళంగా చదవండి. తొందరున్నోళ్లు సేవ్ చేసుకోండి.

మొన్న ఎండకాలం మధ్యాహ్నం బ్రేకులో జరిగిన ముచ్చట ఇది. మనకందరికీ తెలిసిందే, జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పన్నెండున్నర నుంచి మూడు గంటల వరకు ఎండలో పని బంద్. నీడకు కూసొని ఫోన్‌లో ఒక పోస్టు టైపు చేస్తున్న. మా సైటుకు కొత్తగా వచ్చిన మెట్‌పల్లి దిక్కు పిల్లగాడు, ఇరవై రెండేండ్లుంటయి, పక్కకొచ్చి తొంగి చూసిండు.

"అన్నా, గింత పొడుగు ఎవరు చదువుతరే? నోటితోని చెప్పి రీల్ పెట్టు. నిమిషంల అయిపోతది" అన్నడు.

నవ్వి ఊకున్న. గాని రాత్రి పండుకున్నంక ఆ మాటే తిరిగింది. నేను పదో తరగతి చదివిన మనిషిని. ఇట్ల పేజీలకు పేజీలు రాయాలని బడిలో ఎవరూ నేర్పలేదు. నేర్పింది ఇంటర్నెట్‌లో ముక్కు మొహం తెలియని కొందరు తెలుగోళ్లు. వాళ్లు కూడిన జాగా ఇప్పుడు లేదు. ఉన్నా, అప్పటిలెక్క లేదు. అది ఎట్ల పుట్టింది, ఎట్ల మారింది, ఎందుకు చెదిరింది అనేది ఎవరన్నా రాస్తే బాగుండు అనుకున్న. నాకు తెలిసినంత నేనే రాస్తున్న. ఇంటర్నెట్‌లో తెలుగు రాసుకునే సరదా చరిత్ర ఇది. ఒక్క రూపాయి జీతం లేకున్నా కొన్ని వేల మంది రాత్రులు మేలుకొని చేసిన పని.

1. పాతా, పాటా?

1990లలో ఇంటర్నెట్ అంటే మన ఊర్లల్లో పేరు కూడా తెల్వదు. నేను 1997లో పదో తరగతి పాసైన. అప్పటికే అమెరికా యూనివర్సిటీల్లో చదివే తెలుగు పిల్లలు కంప్యూటర్ మీద ముచ్చట్లు పెట్టుకునేటోళ్లు. యూజ్‌నెట్ అని ఒకటుండేది. ఫోటోల్లేవు, వీడియోల్లేవు, ఉత్త రాత. క్రికెట్‌కు ఒక గుంపు, వంటకు ఒక గుంపు, ఒక్కో భాషకు ఒక గుంపు. మనోళ్ల గుంపు పేరు 'సాక్ డాట్ కల్చర్ డాట్ ఇండియన్ డాట్ తెలుగు'.

ముచ్చట పెట్టుకోవాలంటే పెద్ద అడ్డం ఒకటుండె. కంప్యూటర్‌కు తెలుగు అక్షరాలు రావు. ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాయాలె. 'పాట' అని రాస్తే అవతలోడు 'పాత' అని చదువుతడు. 'కళ' అని రాస్తే 'కల' అనుకుంటడు. ఇది తీర్చనీకె అమెరికాలో హ్యూస్టన్ నగరంలో ఉన్న రైస్ యూనివర్సిటీలో చదువుతున్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఒక పద్ధతి కట్టారు. దాని పేరు ఆర్‌టీఎస్. చిన్న టీ కొడితే 'త', పెద్ద టీ కొడితే 'ట'. చిన్న ఎల్ కొడితే 'ల', పెద్ద ఎల్ కొడితే 'ళ'. ఆ లెక్కన రాసింది ప్రోగ్రామ్‌లో వేస్తే తెలుగు అక్షరాలుగా మారి వచ్చేది. దేశికాచారి గారు పోతన, వేమన అని ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు. 1998లో 'ఈమాట' అనే పత్రిక ఇంటర్నెట్‌లోనే మొదలైంది, ఇప్పటికీ నడుస్తున్నది. యాహూలో 'రచ్చబండ' అనే గుంపు నడిచింది. అందులో ఛందస్సు నుంచి సినిమా పాటల దాకా అన్నీ వచ్చేవి.

ఒక్కటి గమనించండి. తెలుగు రాయడం కష్టం కాబట్టే వాళ్లంతా ఒక్కచోట కూడారు. ఒకరికి ఫాంటు కనపడకపోతే ఇంకొకరు చెప్పాలె. ఒకరు తప్పు కొడితే ఇంకొకరు దిద్దాలె. ఒకరితో ఒకరికి అవసరముండె.

ఆ యూజ్‌నెట్‌లో ఒక పాత ముచ్చట చెప్తరు. అమెరికాలో కాలేజీలు సెప్టెంబర్‌లో తెరుస్తరు. అప్పుడు కొత్త పిల్లలు వచ్చి, పద్ధతి తెల్వక ఏదంటే అది రాసేవాళ్లు. పాతోళ్లు నెల రోజులు ఓపిక పట్టి, ఇట్ల అడగాలె, ఇట్ల జవాబియ్యాలె అని నేర్పేవాళ్లు. అక్టోబర్ కల్లా అంతా సర్దుకునేది. 1993 తర్వాత అమెరికా ఆన్‌లైన్ లాంటి కంపెనీలు ఇండ్లల్లకు కనెక్షన్లు ఇచ్చి జనాన్ని తెచ్చాయి. కొత్తోళ్లు ఏడాదికి ఒక్కసారి కాకుండా రోజూ వచ్చుడు మొదలైంది. నేర్పేటోళ్లు పదిమంది, వచ్చేటోళ్లు పదివేలమంది. అందుకే దాన్ని 'ముగియని సెప్టెంబర్' అని పేరు పెట్టారు.

మన క్యాంపు లెక్క తీసుకోండి. ఏడాదికొకసారి ఇరవై మంది కొత్తోళ్లు వస్తే పాతోళ్లు బస్సు టైము చెప్తరు, మెస్సు లెక్క చెప్తరు, హెల్మెట్ బెల్టు ఎట్ల పెట్టుకోవాలో చూపిస్తరు. రోజూ ఐదువందల మంది దిగితే ఎవరు ఎవరికి చెప్తరు? కొత్తోళ్లు చెడ్డోళ్లని కాదు. నేర్పే చేతులు చాలవు, గంతే.

2. అరబ్బీ పుణ్యం

కంప్యూటర్‌లో ప్రపంచ భాషలన్నిటికీ ఒక్కటే లెక్క ఉండాలని యూనికోడ్ వచ్చింది. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు జాగా ఇచ్చారు. జాగా ఇచ్చినా ఇల్లు కట్టనీకె పదేండ్లు పట్టింది. 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చినంక 'గౌతమి' అనే ఫాంటుతో తెలుగు కనపడుడు మొదలైంది. దానికి కూడా కంట్రోల్ ప్యానెల్‌లోకి పోయి ఒక డబ్బాలో టిక్కు పెట్టాలె, సీడీ పెట్టాలె. లేకపోతే గుడింతాలన్నీ విడిపోయి, వత్తులు పక్కకు పడి చదవరాకుండా ఉండేది.

ఆ టిక్కు డబ్బా మన భాషలకూ, అరబ్బీకీ ఒక్కటే. కుడి నుంచి ఎడమకు రాసే భాషలు, వత్తులు గుడింతాలుండే భాషలు అన్నిటికీ కలిపి ఒకే సెట్టింగు. దుబాయ్‌లో కంప్యూటర్ అన్నంక అరబ్బీ రావాలె కదా, ఆ టిక్కు ముందే పెట్టి ఉంటుండె. ఇండియాలో ఇంటర్నెట్ సెంటర్‌లో డబ్బాలు కనపడే తెలుగు, ఇక్కడ సత్వాలో సెంటర్‌లో కూసుంటే సాఫ్‌గా కనపడేది. నేను మొదటిసారి కంప్యూటర్‌లో తెలుగు చదివింది అట్లనే.

నేను 2004లో షట్టరింగ్ కార్పెంటర్‌గా వచ్చిన. 2009లో చార్జ్‌హ్యాండ్ అయిన. అప్పుడు శుక్రవారం సెలవు. ఆ సెంటర్‌లో గంటకు రెండు దిర్హములు. ఒక శుక్రవారం పక్క సీటులో ఒక స్టోర్‌కీపర్ అన్న, రాజమండ్రి ఆయన, తెలుగులో టకటక కొడుతున్నడు. "ఏందన్నా ఇది?" అని అడిగిన. "లేఖిని అండి. మీరూ కొట్టండి, ఏం పోదు" అని ఒక కిటికీ తెరిచి ఇచ్చాడు. పైన డబ్బాలో ఇంగ్లీషు అక్షరాలు కొడితే కింద డబ్బాలో తెలుగు పడుతున్నది. మొదట మా ఊరి పేరు కొట్టిన. తర్వాత మా అమ్మ పేరు. ఆ గంటంతా పేర్లే కొట్టుకుంట కూసున్న. సెంటర్ అయన వచ్చి టైం అయిందన్నదాక లేవలే.

3. కూడలి రోజులు

ఆ లేఖిని ఎక్కడి నుంచి వచ్చిందో తర్వాత తెలిసింది. వెన్న నాగార్జున అనే ఆయన పాత ఫాంట్లలో ఉన్న తెలుగును యూనికోడ్‌కు మార్చనీకె 'పద్మ' అనే పనిముట్టు చేశారు. 2003 డిసెంబర్ 10న తెలుగు వికీపీడియాను మొదలుపెట్టింది కూడా ఆయనే. ఆ పద్మను ఆధారం చేసుకొని 2006లో వీవెన్ అనే పేరుతో రాసే ఆయన లేఖిని చేశారు. తెలుగు బ్లాగులన్నిటినీ ఒక్క పేజీలో చూపించే 'కూడలి' కూడా వీవెన్ చేసిందే. ఒకరు వేసిన పునాది మీద ఇంకొకరు గోడ లేపారు. ఒకరినొకరు పైసలు అడగలేదు.

కూడలి పేరుకు తగ్గట్టే నాలుగు బాటలు కలిసే జాగా. ఎవరన్నా బ్లాగులో కొత్తగా రాస్తే అక్కడ కనపడేది. తర్వాత జల్లెడ, హారం, మాలిక అని అసుంటివి ఇంకా వచ్చాయి. 'తెలుగుబ్లాగు' అని గూగుల్ గుంపు ఉండేది. కొత్తోళ్లు ఏది అడిగినా అక్కడ జవాబు చెప్పేవాళ్లు. 'ఈ-తెలుగు' అని ఒక సంఘం పెట్టుకొని, హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో స్టాల్ వేసి, వచ్చినోళ్లకు కంప్యూటర్‌లో తెలుగు ఎట్ల కొట్టాలో చూపించేవాళ్లు.

వాళ్లకు ఒక భాష ఉండె. పోస్టును 'టపా' అనేవాళ్లు, కామెంటును 'వ్యాఖ్య' అనేవాళ్లు. ఇంటర్నెట్‌ను 'అంతర్జాలం' అనేవాళ్లు. కొత్త బ్లాగు కనపడితే చాలు, ఐదారుగురు వచ్చి స్వాగతం చెప్పేవాళ్లు. ఆ స్వాగతంతో పాటే ఒక మాట తప్పకుండా ఉండేది: "దయచేసి వర్డ్ వెరిఫికేషన్ తీసేయండి." కామెంటు రాయాలంటే వంకర టింకర ఇంగ్లీషు అక్షరాలు కొట్టమని అడిగేది కదా, అది. ఆ రోజుల్లో రాసినోళ్లు ఎవరన్నా ఈ పోస్టు చదివితే ఇప్పుడు నవ్వుకుంటుంటరు.

నేను కూడా ఒక బ్లాగు పెట్టిన. మొదటి టపా స్లాబు పోసే రోజు గురించి. పొద్దున నాలుగింటికి పంపు రావడం, ఎండెక్కకముందే పోసెయ్యాలని ఉరుకుడు, కింద ప్రాప్స్ దగ్గర ఒకడు సప్పుడు వినుకుంట నిలబడుడు. దాని పేరు 'జ్ఞాపకం' అని పెడదామంటే 'జ్ఞ' రాదు. 'గ్న' అని కొట్టి పెట్టిన. ఒకాయన వ్యాఖ్యలో రాశాడు: ముందు జే, తర్వాత కీబోర్డు ఎడమ మూలలో అల లాంటి గుర్తు, తర్వాత ఎన్ కొట్టండి అని. కింద, "టపా బాగుంది, ఇంకా రాయండి" అని. ముందు దిద్ది, తర్వాత మెచ్చుకున్నడు. బడిలో సార్లు ఒక్కటే చేసేవాళ్లు, దిద్దుడు.

నిజం కూడా చెప్పుకోవాలె. అక్కడ రాసేటోళ్లు ఎక్కువ మంది ఇంజనీర్లు, సాఫ్ట్‌వేర్ వాళ్లు, లెక్చరర్లు. "మీరు సైట్ ఇంజనీరా?" అని ఒకరు అడిగితే జవాబు ఇయ్యలే. కార్పెంటర్‌నని చెప్పనీకె సిగ్గయింది. చెప్పనీకె ఏడాది పట్టింది. చెప్పినంక అమెరికాలో ఉండే ఒక ఇంజనీరు గారు, "అయితే ప్రాప్స్ గురించి మీరే మాకు చెప్పాలి" అని రాశారు. మంచిగనే అనిపించింది. గాని ఆ ఏడాది సిగ్గును ఎవరూ నాకు పెట్టలేదు, ఎవరూ తీయలేదు కూడా. అది ఆ జాగాలో గాలి లెక్క ఉండె. మంచిగా చదువుకున్నోళ్ల ఇంటికి పోతే చెప్పులు ఎక్కడ విడవాలో తెల్వనట్టు.

4. అజ్ఞాతలు

గుంపు పెరిగింది. పేరు పెట్టకుండా రాసేటోళ్లు వచ్చారు. వాళ్లను 'అజ్ఞాతలు' అనేవాళ్లు. కులం పేరు మీద తిట్లు, హీరోల మీద తిట్లు మొదలైనయి. 2009 డిసెంబర్ 9న ఢిల్లీ నుంచి తెలంగాణ ప్రకటన వచ్చినంక చూడాలె. నిన్నటి దాకా అక్షర దోషాలు దిద్దుకున్నోళ్లు ఒకరినొకరు దిద్దనీకె మొదలుపెట్టారు. మా రూములో ఎనిమిది మందిమి. కరీంనగర్, నిజామాబాద్ వాళ్లం ఐదుగురం, గోదావరి జిల్లాల వాళ్లు ముగ్గురు. రూములో కూడా వాదనలు అయినయి. గాని రాత్రి ఎనిమిదింటికి ఒక్క గిన్నెలోనే అన్నం వండాలె కాబట్టి తొమ్మిదింటికల్లా సల్లబడేది. బ్లాగుల్లో ఒక్క గిన్నె లేదు. వ్యాఖ్య రాసి కంప్యూటర్ మూసేసి పోవచ్చు.

మంచిగా రాసేటోళ్లు కొందరు వ్యాఖ్యలు మూసేశారు. కొందరు రాసుడే మానేశారు. మానేసినోళ్లలో ఎక్కువ మంది కొత్తోళ్లకు నేర్పినోళ్లే. అది పెద్ద నష్టం. సైటులో మంచి ఫోర్‌మ్యాన్ పోతే రాజీనామా కాగితం ఒక్కటే కనపడుతది. ఆయన వెనక నేర్చుకోవాల్సిన పదిమంది ఏమైన్రో కాగితంలో ఉండదు.

5. ఫోన్ చేతికొచ్చింది

మొదట మన ఫోన్లలో తెలుగు డబ్బాలే కనపడేది. మీలో పాతోళ్లకు యాదికుంటది. ఓపెరా మినీలో పైన 'ఓపెరా కోలన్ కాన్ఫిగ్' అని కొట్టి, కిందికి పోయి ఒక సెట్టింగు 'యెస్' అని పెడితే తెలుగు బొమ్మలెక్క కనపడేది. ఆ కిటుకు నేను క్యాంపులో కనీసం ముప్పై మందికి చేసిచ్చిన. ఆ పేరు మీద చాయ్‌లు మస్తు తాగిన. మంచిర్యాల ఆయన ఒకరు ఆ చాయ్ దగ్గర దోస్తు అయ్యి, ఇప్పటికి కూడా పండుగకు ఫోన్ చేస్తడు.

తర్వాత ఆండ్రాయిడ్ ఫోన్లకు తెలుగు వచ్చింది, కీబోర్డులు వచ్చాయి. 2017లో గూగుల్ తెలుగు మాటను వినుడు మొదలుపెట్టింది. నోటితో చెప్తే అదే రాస్తది. ఇగ ఎవరూ ఎవరినీ అడగాల్సిన పని లేదు. ఫేస్‌బుక్‌లో, వాట్సాప్‌లో అందరూ తెలుగే. కూడలికి పోయేటోళ్లు తగ్గిన్రు.

నేను మొదట దీన్ని చూసి బాధపడ్డ. ఎక్కడ చూసినా గుడ్‌మార్నింగ్ బొమ్మలు, ఫార్వర్డులు. కష్టపడి నేర్చుకున్నది ఉత్తదైపోయిందా అనిపించింది. గాని ఒకసారి మా క్యాంపులో రాయరాని పెద్దాయన ఒకరు, కోరుట్ల దిక్కు ఆయన, ఫోన్‌కు నోటితో చెప్పి బిడ్డకు తెలుగులో మెసేజ్ పంపుడు చూసిన. ఇరవై ఏండ్లు ఇంకొకరితో ఉత్తరం రాయించుకున్న మనిషి. భార్యకు రాసే మాట కూడా రూమ్మేట్‌కు తెలిసేది. ఆయన మెసేజ్ చూసినంక నా బాధ సగం పోయింది. కూడలి రోజులు మంచియే, గాని ఆ మంచిలో ఆయనకు కుర్చీ లేకుండె.

6. పాటలు ఇక్కడ, మనిషి అక్కడ

టిక్‌టాక్ ముచ్చట కూడా ఇక్కడే చెప్పాలె.

అంతకుముందు యూఏఈ క్యాంపుల్లో 'క్యాంప్ కా చాంప్' అని పాటల పోటీ జరిగేది. దాని మీద మహమూద్ కాబూర్ తీసిన 'చాంప్ ఆఫ్ ది క్యాంప్' అనే డాక్యుమెంటరీని 2013లో దుబాయ్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో చూపించారు. మంచి పనే. గాని ఆ పోటీలో నడిచేది హిందీ సినిమా పాటలు. మన బతుకమ్మ పాట, ఒగ్గు కథ, నాట్లేసేటప్పటి పాట పాడెటోడు ఎక్కడ పాడాలె? రూములోనే, లైట్లు ఆర్పినంక.

2018 ఆగస్టులో మ్యూజికల్‌లీ టిక్‌టాక్‌లో కలిసింది. ఏడాదిలోనే మన రూముల్లో అందరి ఫోన్లలోకి వచ్చింది. స్టీల్ ఫిక్సర్, డ్రైవర్, మేకలు కాసెటోడు, ఇండ్లల్ల పనిచేసే అక్కలు, అందరూ పాడిన్రు, ఆడిన్రు, ఏడ్చిన్రు. ఎవరినీ ఎవరూ "మీరు ఇంజనీరా?" అని అడగలేదు. నేను బ్లాగులో ఏడాది దాచుకున్న మాటను వాళ్లు సేఫ్టీ జాకెట్ ఏసుకొనే మొదటి వీడియోలో చెప్పేసిన్రు.

మా సైటులో ఒక స్టీల్ ఫిక్సర్ తమ్ముడుండె. నిజామాబాద్ జిల్లా. పేరు రాయొద్దన్నడు, రాయను. వాళ్ల నాయనమ్మ దగ్గర నేర్చుకున్న పాటలు పాడి పెడుతుండె. ఆ నాయనమ్మ తర్వాత ఆ పాటలు వచ్చేది వానికొక్కనికే. రెండువందలకు పైనే పెట్టిండు. సౌదీ నుంచి, కువైట్ నుంచి వేరే తమ్ముళ్లు ఆ పాటకు పక్కన డ్యూయెట్ కట్టేటోళ్లు. ఎవరన్నా ఒక మాట మరిచిపోతే కామెంటులో చెప్పేవాళ్లు. చూస్తే నాకు కూడలి యాదికొచ్చింది. అదే దిద్దుడు, అదే మెచ్చుకునుడు.

కరోనా వచ్చింది. 2020 మే నెలలో వందే భారత్ ఫ్లైట్లు మొదలైనయి. వాడు జూన్ నెలలో ఇంటికి పోయిండు. జూన్ 29న ఇండియా ప్రభుత్వం 59 యాప్‌లు బంద్ చేసింది, అందులో టిక్‌టాక్ ఒకటి. ఇక్కడ యూఏఈలో బంద్ కాలేదు.

జూలైలో ఫోన్ చేసిండు. "అన్నా, నా పాటలు నీకు కనవడుతున్నయా?"

తెరిచి చూసిన. అన్నీ ఉన్నయి. వాని మొహం, వెనక మా రూము గోడ, గోడకు నా తువ్వాల. "కనవడుతున్నయిరా" అన్న.

"నాకు కనవడ్తలేవన్నా" అన్నడు.

వాడు ఊర్లె క్వారంటైన్ గదిలో ఉన్నడు. వాని పాటలు ఇక్కడ నా ఫోన్‌లో ఉన్నయి. వాని ఫోన్‌లో అసలు వీడియోలు లేవు, జాగా సరిపోక ఎప్పటికప్పుడు తీసేసుకున్నడు. మూడు శుక్రవారాలు కూసొని ఒక్కొక్క పాట దించి, వాట్సాప్‌లో పంపిన. 140 దాకా వచ్చినయి. మిగతావి మంది పాటలకు డ్యూయెట్ కట్టినవి, అవి దించరాలేదు. నాయనమ్మ పాటల్లో నాలుగైదు ఆ మిగతావాటిలోనే ఉండె.

జూలైలోనే ఇండియాలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ వచ్చినయి, తర్వాత యూట్యూబ్ షార్ట్స్. అందరూ అటు పోయిన్రు. వాడు మళ్ల పెట్టలే. "ఆ మంది లేరన్నా, ఎవరికి పాడాలె" అన్నడు. యాప్ పోతే ఇంకో యాప్ దొరుకుతది. తప్పు పాడితే చెప్పే ఆ ముప్పై మందిని మళ్ల ఒక్కచోట కూడేయరాదు.

7. మూసిన దుకాణాలు, మిగిలిన బండ

ఒక్కసారి లెక్క చూద్దాం. ఆర్కుట్ 2004 జనవరిలో తెరిచిన్రు, 2014 సెప్టెంబర్ 30న మూసిన్రు. ఇక్కడ యూఏఈలో అయితే 2007లోనే బ్లాక్ అయింది, నేను లీవుకు ఇంటికి పోయినప్పుడే చూసేది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో పోయింది. యాహూ గ్రూపుల్లో ఇరవై ఏండ్ల రాతలు 2019 చివర్లో తీసేసిన్రు, 2020 డిసెంబర్ 15న మొత్తానికే బంద్. ఎవరిదో స్థలంలో మనం గుడిసె వేసుకున్నం. స్థలం యజమాని మారితే, సర్కారు రూలు మారితే, గుడిసె పోతది.

అట్ల పోకుండా నిలబడ్డది ఒకటున్నది, తెలుగు వికీపీడియా. ఇప్పుడు లక్షకు పైన వ్యాసాలున్నయి. అందులో వేలకు వేలు మన ఊర్ల పేజీలు. అది ఎందుకు నిలబడ్డదో నాకు అర్థమైనంత చెప్తా. దాని వెనక ఉన్నది లాభం చూసే కంపెనీ కాదు, సంస్థ. అందులో ఉన్నది ఎవరైనా తీసుకోవచ్చు, పేరు చెప్పి ఇంకోచోట పెట్టుకోవచ్చు, కాబట్టి ఒక ఇల్లు కూలినా సామాను బయటికొస్తది. ప్రతి పేజీకి 'చరిత్ర' అని ఉంటది, ఎవరు ఏ రోజు ఏం మార్చారో అంతా కనపడుతది. లైకులు లేవు. గొడవ పడాలంటే చర్చ పేజీలో పడాలె. అందరూ కలిసి మాట్లాడుకునే పేజీ పేరు ఏందో తెలుసా? రచ్చబండ. యాహూలో పోయిన పేరు అక్కడ బతికున్నది.

నేను కూడా మా ఊరి పేజీలో చెరువు గురించి, బడి గురించి నాలుగు వాక్యాలు రాసిన. ఊరికి ఆ పేరు ఒక రాజు పెట్టిండని కూడా రాసిన. ఒకాయన ఆ వాక్యం ఒక్కటి తీసేసి, "దీనికి ఆధారం ఉంటే ఇవ్వగలరు" అని చర్చ పేజీలో రాశారు. మా తాత చెప్పిండు అనేది ఆధారం కాదంట. రెండు రోజులు కోపమొచ్చింది. తర్వాత ఆలోచిస్తే, మా తాతకు కూడా ఎవరో చెప్పే ఉంటరు. మిగతా మూడు వాక్యాలు ఇప్పటికీ ఉన్నయి. నేను చచ్చినంక కూడా ఉంటయేమో.

అక్కడ కూడా అంతా బంగారం కాదు. లక్ష వ్యాసాలకు, రోజూ కూసొని పనిచేసెటోళ్లు కొద్దిమందే. నేర్పే చేతులు చాలవు అన్న కదా, అదే కథ అక్కడ కూడా.

8. నాకు అర్థమైంది

మనం స్లాబు పోసే ముందు షట్టరింగ్ కడతం. ప్లైవుడ్, చెక్కలు, ప్రాప్స్, జాక్‌లు. వారం పది రోజులు దాని మీదనే పని. కాంక్రీట్ పోసినంక 7 రోజుల క్యూబ్ టెస్టు, 28 రోజుల క్యూబ్ టెస్టు. బలం వచ్చింది అనంగనే పలకలు విప్పేస్తం. కొన్ని ప్రాప్స్ మాత్రం ఇంకొన్ని రోజులు కిందనే ఉంచుతం. బిల్డింగ్ చూసేటోళ్లు కాంక్రీట్ చూస్తరు, గ్లాసు చూస్తరు. షట్టరింగ్ ఒకటుండె అని ఎవరికీ యాదికుండదు. విప్పుడే దాని ధర్మం, అందుకు ఏడ్వొద్దు.

ఆర్‌టీఎస్, లేఖిని, కూడలి, ఓపెరా మినీ కిటుకు, ఇవన్నీ షట్టరింగే. ఇవాళ నోటితో చెప్తే ఫోన్ తెలుగు రాస్తుందంటే, ముప్పై ఏండ్ల కింద ఎవరో పెద్ద టీ, చిన్న టీ లెక్క కట్టబట్టే. సరదా గుంపులు కష్టం చుట్టూ పుడతయి. కష్టం తీరంగనే గుంపు పలచబడుతది. నేర్పుడు తగ్గి చూపించుకునుడు పెరుగుతది. యూజ్‌నెట్‌లో ఇట్లనే అయింది, బ్లాగుల్లో ఇట్లనే అయింది, రేపు రీల్స్‌కు కూడా ఇట్లనే అవుతది. సులువు వచ్చినందుకు కోరుట్ల పెద్దాయన మాట బిడ్డకు చేరింది. ఆ సులువును నేను తిట్టను.

నా భయం ఒక్కదాని గురించే. పలకలు విప్పుడు సరే, ప్రాప్స్ కూడా అన్నీ ఒక్కరోజే గుంజేస్తున్నం. ప్రాప్స్ అంటే నేర్పేటోళ్లు. తప్పు చూసి నవ్వకుండా దిద్దేటోళ్లు. వాళ్లు లేకుండా నిలబడేటంత బలం మనకు ఇంకా రాలేదు. మన గుంపుల్లోనే చూడండి. కొత్తగా వచ్చిన తమ్ముడు ఏదన్నా అడిగితే, "పాత పోస్టులు చూసుకో" అని కసురుతున్నం, లేకపోతే నవ్వే బొమ్మ పెడుతున్నం. మనకు ఎవరో ఒకరు శుక్రవారం కూసొని నేర్పితేనే కదా ఇక్కడిదాక వచ్చినం.

రెండు పనులు అడుగుతున్న. మొదటిది, మీ పాటలు, మీ రాతలు, మీ వీడియోలు ఒక కాపీ ఇంటికి పంపి పెట్టుకోండి. యాప్‌లో ఉన్నయి కదా అని ఊకోవద్దు. నిజామాబాద్ తమ్ముని నాయనమ్మ పాటలు నాలుగైదు ఎవరి దగ్గరన్నా ఉన్నయా అని నేను ఇప్పటికీ అడుగుతున్న. సౌదీ, కువైట్ తమ్ముళ్లు అప్పుడు డ్యూయెట్ కట్టినోళ్లుంటే మెసేజ్ పెట్టండి. రెండోది, మీకు వచ్చిన ఒక్క కిటుకు ఒక్క కొత్తోనికి కూసొని నేర్పండి.

ఇగ ఆ మెట్‌పల్లి పిల్లగాని ముచ్చట. పోయిన ఆదివారం రూముకొచ్చిండు. "అన్నా, రీల్ మీద తెలుగుల పేరు ఎయ్యాలె, 'జ్ఞ' ఎట్ల కొడతరే?" అని అడిగిండు. వాళ్ల చెల్లె పేరు జ్ఞానేశ్వరి అంట. ఫోన్ కీబోర్డులో 'జ' కొట్టి, వత్తు పెట్టి, 'ఞ' ఎక్కడుందో చూపించిన. నాలుగుసార్లు తప్పు కొట్టి ఐదోసారి కొట్టిండు. నేను రాసిన దాంట్లో ఒక పేరా చదివి, "గిది మంచిగున్నదన్నా, గాని కొంచెం పొడుగైంది" అన్నడు.

దిద్దిండు, మెచ్చుకున్నడు. వరుస మారింది, గంతే.

మీరు మొదటిసారి ఫోన్‌లో గాని కంప్యూటర్‌లో గాని తెలుగులో ఏ మాట కొట్టిన్రు? ఎవరు నేర్పిన్రు? కింద రాయండి. నేర్పినోళ్ల ఊరు కూడా రాయండి. అందరివీ చదువుతా, అందరికీ జవాబిస్తా, రాత్రి డ్యూటీ ఉంటే ఒకరోజు లేటు అవుతది.